స్టిక్కర్ మారింది, పౌడర్ మారిందా?

ఇంట్లో ఫ్రిజ్ చెడిపోతే విరిగిన పాలు ఆ సంగతి చెబుతాయి. నీళ్ళ మోటారు కాలిపోతే పొద్దున్నే ఖాళీ కుళాయి చెబుతుంది. మంటలార్పడానికి గోడకు తగిలించిన ఎర్ర సిలిండర్ మాత్రం తాను చెడిపోయిన విషయం ఎవరికీ చెప్పదు. అయిదేళ్ళ క్రితం ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. అదే కొక్కెం, అదే ఎరుపు. లోపల గ్యాస్ కారిపోయినా, పౌడర్ సిమెంటు బస్తాలా బిగుసుకుపోయినా దగ్గరికెళ్ళి చూడనివాళ్ళకు తేడా కనిపించదు. వాళ్ళకు తెలిసేది ఒకే ఒక్క సందర్భంలో. అప్పుడు తెలిసి చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎక్కడైనా అగ్నిప్రమాదం జరిగితే టీవీ చర్చలన్నీ ‘ఫైర్ సేఫ్టీ పరికరాలు ఉన్నాయా, లేవా’ అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. చాలాచోట్ల పరికరాలు ఉంటాయి. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసమో, ట్రేడ్ లైసెన్సు కోసమో, బ్యాంకు లోను కోసమో ఒకసారి కొని తగిలిస్తారు. కొనడం ఒక్కరోజు పని. దాన్ని పదేళ్ళపాటు పనిచేసే స్థితిలో ఉంచడం వేరే పని, ఆ పని ఎవరిదో మన అపార్ట్‌మెంట్లలో, దుకాణాల్లో, ఆఫీసుల్లో చాలావరకు తేలదు. వాచ్‌మన్ అనుకుంటే వాచ్‌మన్‌కు తెలియదు. అసోసియేషన్ ప్రెసిడెంట్ అనుకుంటే ఆయన పదవీకాలం ఏడాదే.

దగ్గరికి వెళ్ళి చూస్తే

ఏదైనా ముప్ఫై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో మెట్ల పక్కన ఉన్న సిలిండర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలా తెలుస్తుంది. మొదట కనిపించేది దాని మెడకు వేలాడుతున్న హెల్మెట్టో, వెనక దాచిన చీపురో. అది తీస్తే దుమ్ము. దుమ్ము తుడిస్తే స్టిక్కర్. స్టిక్కర్ మీద రీఫిల్ చేసిన తేదీ, మళ్ళీ చేయించాల్సిన తేదీ బాల్‌పెన్నుతో రాసి ఉంటాయి, సగం చెరిగిపోయి. చాలామంది చూపు ఇక్కడితో ఆగిపోతుంది. తేదీ దాటకపోతే అంతా బాగున్నట్టే లెక్క.

స్టిక్కర్ కాగితం. సిలిండర్ అసలు జాతకం దాని ఒంటి మీద ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు, తయారైన సంవత్సరం. ఆ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు నిజమైనవాడో కాదో చూపిస్తుంది. ఏటా రీఫిల్ చేయించినంత మాత్రాన డబ్బా ఆయుష్షు పెరగదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2190 లెక్కలో పౌడర్, ఫోమ్, నీళ్ళ రకాల సిలిండర్లకు పదేళ్ళు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు పదిహేనేళ్ళు జీవితకాలం. ఈ మధ్యలో పౌడర్ రకానికి మూడేళ్ళకోసారి, కార్బన్ డయాక్సైడ్ రకానికి అయిదేళ్ళకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి. డబ్బా లోపల తుప్పు పట్టి గోడ పలచబడితే, పీడనంతో నిండిన ఆ ఇనుప సీసా మంట ఆర్పకపోగా చేతిలోనే పేలే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష గురించి అడిగే కస్టమర్ అరుదు కాబట్టి చేసే వెండరూ అరుదే.

తర్వాత చూడాల్సింది మీటరు. ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉంటే లోపల పొడిని బయటికి నెట్టే నైట్రోజన్ ఒత్తిడి సరిపోను ఉన్నట్టు. ఎరుపులోకి జారితే కారిపోయినట్టు. అయితే ఆకుపచ్చ చూపించిన ప్రతి సిలిండరూ పనిచేస్తుందని కాదు. మీటరు చెప్పేది గ్యాస్ సంగతి మాత్రమే, పౌడర్ సంగతి దానికి తెలియదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఏబీసీ (ఘన, ద్రవ, గ్యాస్ మంటలు మూడింటికీ పనికొచ్చే) సిలిండర్లలో ఉండేది మోనో అమోనియం ఫాస్ఫేట్ పొడి. అది తేమను పీలుస్తుంది. కదలకుండా ఏళ్ళ తరబడి నిలబడితే అడుగున గట్టిపడుతుంది. లోపలి గొట్టం అడుగు దాకా దిగి ఉంటుంది కాబట్టి మీట నొక్కితే నైట్రోజన్ బుస్సుమని బయటికి వస్తుంది, పొడి మాత్రం లోపలే ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువే.

దీనికి పరీక్ష సులువు. కొక్కెం నుంచి దించి తలకిందులు చేయాలి. లోపల పొడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారుతున్న బరువు చేతికి తెలియాలి. ఉప్పు డబ్బా వానాకాలంలో ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నెలకోసారి ఇలా దించి, తిప్పి, తుడిచి పెడితే చాలు. సేఫ్టీ పిన్ను కదులుతోందా, దాని ప్లాస్టిక్ సీలు ఉందా, రబ్బరు పైపు పగుళ్ళు పట్టిందా అన్నవి కూడా అప్పుడే చూసుకోవచ్చు. పైపు కొన వైపు ఒకసారి కన్ను పెట్టి చూడటం మరిచిపోవద్దు. కందిరీగలు మట్టిగూడు కట్టడానికి అంతకన్నా అనువైన కన్నం వాటికి దొరకదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు మీటరే ఉండదు. నల్లటి కొమ్ములాంటి గొట్టంతో, పట్టుకుంటే బండలా బరువుగా ఉండేది అదే. లోపల గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది, సగం కారిపోయినా ఒత్తిడిలో పెద్ద మార్పు కనిపించదు. అందుకే దాన్ని తూకం వేసే చూడాలి. నింపిన గ్యాస్‌లో పదిశాతం కన్నా ఎక్కువ తగ్గితే మళ్ళీ నింపించాలి. ఖాళీ బరువు ఎంతో సిలిండర్ మీదే కొట్టి ఉంటుంది. వీధి చివర పాత పేపర్లు కొనే కాటా ఉన్నా చాలు, తేలిపోతుంది.

రీఫిల్ అనే వ్యాపారం

ఈ రంగంలో అందరూ మోసగాళ్ళని అనడం అన్యాయం. కానీ కొన్నవాడు లోపల ఏముందో ఎన్నడూ చూడని వస్తువులో మోసానికి ఎంత చోటుంటుందో ఊహించడం కష్టం కాదు. ఉదయం వ్యానులో సిలిండర్లు తీసుకెళ్తారు, సాయంత్రం తళతళలాడే కొత్త స్టిక్కర్లతో తెచ్చి తగిలిస్తారు. మధ్యలో పౌడర్ మార్చారా, పైనుంచి కాస్త నైట్రోజన్ కొట్టి ముల్లును ఆకుపచ్చలోకి తెచ్చారా అన్నది తెచ్చినవాడికే తెలియాలి. తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికే పని అప్పగించే అసోసియేషన్ మీటింగులు కూడా ఈ పద్ధతిని పెంచి పోషించాయి.

అడ్డుకట్ట వేయడం పెద్ద విద్యేమీ కాదు. తీసుకెళ్ళేటప్పుడు నంబర్లు రాసుకుని, తెచ్చినప్పుడు సరిచూసుకోవాలి. ఒకటి రెండింటిని ఆవరణలోనే విప్పి నింపమని అడగొచ్చు. పాత పొడిని కళ్ళెదుట కుమ్మరించడానికి ఇష్టపడనివాడు ఎందుకు ఇష్టపడడం లేదో ఆలోచించుకోవాలి. ఏడాది కాంట్రాక్టు కాగితంలో ‘సర్వీసింగ్’ అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలదు. పౌడర్ మార్పు, ఒత్తిడి పరీక్ష, వాషర్లు, పైపులు అందులో ఉన్నాయో లేదో విడివిడిగా రాయించుకోవాలి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఏబీసీ సిలిండర్‌ను ‘ఒకసారి పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని అరసెకను నొక్కినా అది వాడేసినట్టే. పొడి రేణువులు వాల్వు సందులో ఇరుక్కుంటాయి, అది పూర్తిగా మూసుకోదు, రోజుల్లోనే గ్యాసంతా మెల్లగా కారిపోతుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు ప్రాణాలొదిలిన ఫైర్‌మన్ల జ్ఞాపకార్థం ఆ తేదీ పెట్టారు. ఆ వారంలో కాలనీల్లో, ఆఫీసుల్లో డెమోలు చేస్తారు, నాలుగు సిలిండర్లు కాలుస్తారు, ఫొటోలు దిగుతారు. కొన్నిచోట్ల ఆ నాలుగూ మళ్ళీ అదే కొక్కేలకు ఎక్కుతాయి. అవగాహన కార్యక్రమం పుణ్యమా అని ఆ భవనంలో పనిచేసే సిలిండర్లు నాలుగు తగ్గిపోతాయి.

వంటింటి లెక్క వేరు

ఇంట్లో పెట్టుకోవడానికి రెండు కిలోల లేదా నాలుగు కిలోల ఏబీసీ సిలిండర్ సరిపోతుంది. ఎక్కడ పెట్టాలన్నదే తప్పు పోతుంది. వంటగదిలో గ్యాస్ స్టవ్ పక్క గోడకు తగిలిస్తే, మంట లేచినప్పుడు దాన్ని అందుకోవడానికి మంట దాటి వెళ్ళాలి. వంటగది గుమ్మం బయట, హాలు వైపు ఉండాలి. అప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి వెనక బయటికి పోయే దారి కూడా ఉంటుంది.

పేరులోని అక్షరాల గురించి ఒక గందరగోళం ఉంది. మన ప్రమాణాల్లో ఏ అంటే కర్ర, గుడ్డ, కాగితం లాంటి ఘనపదార్థాల మంట. బీ అంటే పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రవాలది. సీ అంటే గ్యాసుది. అమెరికాలో సీ అంటే కరెంటు మంట. యూట్యూబులో అమెరికా వీడియో చూసి ఇక్కడి సిలిండర్‌ను అర్థం చేసుకుంటే తేడా వస్తుంది. ఏబీసీ పొడి కరెంటును ప్రసరింపజేయదు కాబట్టి స్విచ్‌బోర్డు మంట మీదా వాడొచ్చు, మెయిన్ ఆపగలిగితే ముందు అది ఆపాలి. గ్యాస్ మంట విషయంలో మాత్రం మంటలార్పే సిలిండర్ కన్నా గ్యాస్ రెగ్యులేటర్ ముఖ్యం. గ్యాస్ ఆపకుండా మంట ఒక్కటే ఆర్పితే, కాలని గ్యాస్ గదంతా పరుచుకుంటుంది. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, నేల మీదే పేరుకుంటుంది. తర్వాత ఒక్క నిప్పురవ్వ తగిలితే మొదటి మంటే నయమనిపిస్తుంది.

బాణలిలో నూనె అంటుకోవడం ఇంకో రకం. గారెలో బజ్జీలో వేయడానికి నూనె పెట్టి ఫోను రింగైతే హాల్లోకి వెళ్తారు. తిరిగొచ్చేసరికి పొగలు, ఆ వెంటే మంట. ఆ క్షణంలో చేయి వెళ్ళేది పక్కనే ఉన్న నీళ్ళ చెంబు మీదికి. నీరు నూనె కన్నా బరువు, నేరుగా అడుగుకు దిగుతుంది. అక్కడ వేడికి ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. పైనున్న మండే నూనెనంతా పైకప్పు దాకా చిమ్ముతుంది. వంటింటి మంటల్లో ముఖం, చేతులు కాలిన కేసుల వెనక తరచూ ఉండేది ఈ చెంబుడు నీళ్ళే. స్టవ్ ఆపి, బాణలి మీద సరిపడే మూత పక్కనుంచి జరిపి కప్పి, చల్లారేదాకా తీయకుండా ఉండటం దీనికి మందు. ఆత్రంగా మూత తీసి చూస్తే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది.

హోటళ్ళ, కర్రీ పాయింట్ల వంటశాలల్లో పెద్ద మూకుళ్ళకు మూత సరిపోదు. ఏబీసీ పొడి మంటను పడగొట్టినా నూనెను చల్లార్చదు, వేడి అలాగే ఉండటంతో మళ్ళీ రాజుకుంటుంది. ఈ పనికి వెట్ కెమికల్ రకం సిలిండర్లు ఉన్నాయి. వాటిలోని పొటాషియం లవణాల ద్రావణం కాగే నూనెతో కలిసి సబ్బు నురగలాంటి పొర కడుతుంది. సబ్బు తయారయ్యే రసాయన చర్యే అక్కడ మంట మీద జరుగుతుందన్న మాట. ఖరీదు ఎక్కువని చాలా హోటళ్ళు కొనవు. మూకుడు పైనుండే చిమ్నీ గొట్టాల్లో జిడ్డు గీకించడానికి మాత్రం పెద్ద ఖర్చేమీ కాదు. అదీ జరగదు. మంట మూకుడులో మొదలైనా హోటలంతా పాకేది ఆ జిడ్డు దారినే.

వంటగ్యాస్ సామానుకూ తేదీలు ఉంటాయి. స్టవ్‌కు గ్యాస్ తెచ్చే సురక్షా పైపును అయిదేళ్ళకోసారి మార్చాలి, గడువు పైపు మీదే అచ్చై ఉంటుంది. గ్యాస్ సిలిండర్ పైరింగును మోసే పట్టీల లోపలి వైపు ‘ఏ-27’, ‘సీ-28’ అని రాసి ఉంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా నాలుగు త్రైమాసికాలు. మళ్ళీ పరీక్ష చేయాల్సిన గడువు అది. గడువు దాటిన సిలిండర్ తెస్తే తీసుకోనక్కర్లేదు. లీకు వాసన వస్తే 1906కు ఫోన్ చేయాలి. ఫోన్ కూడా గదిలోంచి కాదు, బయటికి వచ్చాక.

నోరున్న ఒకే ఒక్క పరికరం

మన ఊళ్ళలో ఇళ్ళకు పొగ అలారం పెట్టుకునే అలవాటు లేదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు మాత్రం ఇది రోజువారీ వ్యవహారం. పప్పులోకి ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టగానే హాల్లో అలారం గోల. ఒకరు టవలు పట్టుకుని దాని కింద విసురుతూ ఉంటే ఇంకొకరు కిటికీలు తెరుస్తారు. ఆ గోల పడలేక కొందరు బ్యాటరీ తీసి డ్రాయరులో పడేస్తారు. మళ్ళీ పెట్టడం గుర్తుండదు.

నిజానికి అగ్నిమాపక సామగ్రి మొత్తంలో తన జబ్బు తాను చెప్పుకునే పరికరం ఇదొక్కటే. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు నిమిషానికోసారి ‘కీచ్’మంటుంది, అది కూడా తెల్లవారుజామునే అనిపించేట్టు. దాని నోరే నొక్కేయడం విచిత్రం. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం లెక్కల ప్రకారం అక్కడ ఇళ్ళ మంటల్లో చనిపోయినవారిలో దాదాపు అయిదింట మూడు వంతుల మంది, అలారం లేని లేదా ఉన్నా పనిచేయని ఇళ్ళలోనే చనిపోయారు. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రను ఇంకా గాఢం చేస్తుంది. నిద్రలో పనిచేసేది చెవి, ముక్కు కాదు.

పోపు గొడవకు పరిష్కారం బ్యాటరీ తీయడం కాదు, చోటు మార్చడం. స్టవ్‌కు కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. కాంతితో పనిచేసే ఫొటోఎలక్ట్రిక్ రకం వంట పొగకు తక్కువగా ఉలిక్కిపడుతుంది, పరుపులు, సోఫాలు రాజుకునే పొగను ముందే పట్టేస్తుంది. తాత్కాలికంగా నోరు మూయించే బటన్ చాలా మోడళ్ళలో ఉంటుంది. అలారానికి వయసు పదేళ్ళు, తేదీ వెనక వైపు ఉంటుంది. ఆ తర్వాత బటన్ నొక్కితే కూత వినిపించినా లోపలి సెన్సారు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఇక్కడి ఆఫీసుల్లో, హాస్పిటళ్ళలో సీలింగుకు ఉండే డిటెక్టర్లది ఇంకో కథ. రంగులు వేసేటప్పుడు దుమ్ము పోకుండా ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. రంగులు అయిపోతాయి, పెయింటర్లు వెళ్ళిపోతారు, కవరు ఉండిపోతుంది. స్ప్రింక్లర్ల మీదైతే ఏకంగా రంగే పడుతుంది. స్ప్రింక్లర్ మొనలో చిన్న గాజు బుడ్డి ఉంటుంది, అందులో ఎర్రటి ద్రవం. గది వేడి 68 డిగ్రీలకు చేరితే ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది, ఆ ఒక్క చోట నీళ్ళు చిమ్ముతాయి. సినిమాల్లో చూపించినట్టు ఒకటి పగిలితే అన్నీ కురవవు. ఆ బుడ్డి మీద రెండు పూతల ఎమల్షన్ పడితే వేడి ఆలస్యంగా తగులుతుంది. మూత అంటుకుపోతే నీళ్ళే రావు. రంగు గీకితే బాగుపడదు, స్ప్రింక్లర్ మార్చాల్సిందే.

పంపు గదిలో ఒక స్విచ్

పెద్ద అపార్ట్‌మెంట్లలో అసలు రక్షణ మెట్ల దగ్గరి సిలిండర్ కాదు. సెల్లార్‌లోని పంపు గది, ప్రతి అంతస్తులో ఉండే ఎర్ర పైపు, పక్కనే చుట్టచుట్టిన హోస్ రీల్. పైపుల్లో ఒత్తిడి పడిపోకుండా జాకీ పంపు అనే చిన్న పంపు చూసుకుంటుంది. ఎవరైనా వాల్వు తిప్పితే ఒత్తిడి దిగిపోయి మెయిన్ పంపు దానంతట అదే స్టార్ట్ కావాలి. కరెంటు లేకపోతే డీజిల్ పంపు అందుకోవాలి. ఈ వరసంతా ఒక ప్యానెల్ మీదున్న స్విచ్ ‘ఆటో’లో ఉంటేనే నడుస్తుంది.

పైపులో ఎక్కడో చిన్న లీకు ఉందనుకుందాం. ఒత్తిడి తగ్గుతూ ఉంటుంది, జాకీ పంపు పది నిమిషాలకోసారి గుర్రుమంటుంది. కింద ఫ్లాట్ వాళ్ళు నిద్ర పట్టడం లేదంటారు, కరెంటు బిల్లు పెరిగిందని సెక్రటరీ అంటాడు. వాచ్‌మన్ స్విచ్చును ‘మాన్యువల్’లోకి తిప్పుతాడు. గోల ఆగిపోతుంది. ఆ రోజు నుంచి ఆ భవనంలో ఫైర్ సిస్టమ్ లేనట్టే, కాగితం మీద మాత్రం ఉంటుంది. డీజిల్ పంపు బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది. హోస్ చివర ఉండే ఇత్తడి నాజిల్ పాత సామాను కొట్టుకు చేరి ఉంటుంది. ఈ మూడింటినీ వారానికోసారి పావుగంటలో చూసేయొచ్చు. స్విచ్ ఎటు ఉంది, డీజిల్ ఇంజను ఒక్క తాళానికి అందుకుందా, పెట్టెలో నాజిల్ ఉందా.

నీళ్ళ సంగతి వేసవిలో తేలుతుంది. బోరు ఎండిపోయి ట్యాంకర్ల కోసం క్యూ కట్టే రోజుల్లో, సెల్లార్ కింద నిండుగా ఉన్న ఫైర్ ట్యాంకు అందరికీ గుర్తొస్తుంది. మంచి డిజైనులో కొత్త నీళ్ళు ముందు ఫైర్ ట్యాంకులో పడి, అది పొంగాక వాడకం ట్యాంకులోకి వెళ్తాయి. నీళ్ళు కుళ్ళవు, ఫైర్ కోటా ఎప్పుడూ నిండే ఉంటుంది. అడుగు నుంచి మోటారు వేసి తోడుకునే వీలుంటే ఆ కోటాకు దిక్కుండదు.

ఎత్తు కొలిచే చట్టం

తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ళుగా నడుస్తున్న లెక్క ప్రకారం అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ప్రధానంగా ఎత్తును బట్టి వస్తుంది. నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు. స్కూళ్ళు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళ లాంటి వాటికి ఇంతకన్నా తక్కువ ఎత్తులోనే వర్తిస్తుంది. నిచ్చెన అందని ఎత్తులో ప్రమాదం ఎక్కువన్న తర్కంలో తప్పు లేదు. కానీ ఇటీవలి హైదరాబాద్ ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే ఎత్తు కన్నా ఇంకేవో కనిపిస్తాయి.

2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మెట్ల దారిన పొగ ఎగబాకి 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువ ఉద్యోగులు, నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయన డ్రమ్ములు నిల్వచేసిన అపార్ట్‌మెంటులో 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో రెండంతస్తుల పాత ఇంట్లో 17 మంది, వాళ్ళలో 8 మంది పిల్లలు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే ఇరుకు దారి, పైకి ఒకటే మెట్ల వరస.

వీటిలో స్వప్నలోక్‌ను పక్కన పెడితే మిగతావి ఆకాశహర్మ్యాలేమీ కావు. పైన మనుషులు నిద్రపోతుంటే కింద మండే సరుకు పెట్టడం, పొగకూ మనుషులకూ ఒకటే మెట్లు కావడం వీటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. గోడకు పది సిలిండర్లు తగిలించినా ఇది మారదు. మెట్లు కూడా అగ్నిమాపక సామగ్రిలో భాగమేనని, వాటికీ మెయింటెనెన్సు ఉందని అనుకోకపోవడం వల్ల చెప్పుల స్టాండు నుంచి పాత సోఫా దాకా అన్నీ అక్కడికే చేరతాయి. పెద్ద భవనాల్లో మెట్లకు బరువైన ఫైర్ డోర్లు పెడతారు, అవి తమంతట తాము మూసుకోవాలి. గాలి రావాలని వాటికి ఇటుకరాయి అడ్డుపెడితే పొగకు గొట్టం కట్టి ఇచ్చినట్టే. ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగును మెట్ల కింద పెట్టడం కొత్తగా చేరిన అలవాటు. లిథియం బ్యాటరీ లోపలి నుంచే మండుతుంది, ఏబీసీ పొడి పైమంటను ఆర్పినా లోపలి వేడి ఆగదు, చల్లార్చడానికి చాలా నీళ్ళు పట్టాలి. అది మెట్ల దగ్గర అంటుకుంటే పై అంతస్తుల వాళ్ళకు దిగే దారి ఉండదు. దాని చోటు ఆరుబయట, గోడకు దూరంగా.

మంట పుట్టకుండా చూసే పరికరాల ఊసు ఈ చర్చలో రానే రాదు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్ మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. మూణ్ణెల్లకోసారి అది నొక్కితే ఇంట్లో కరెంటు ఠక్కున పోవాలి. పోకపోతే అది అలంకారానికి ఉన్నట్టు. పాత వైరింగు మీద కొత్త ఏసీలు ఎక్కించిన ఇళ్ళలో, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే పెద్ద ఎంసీబీ వేయించుకుంటారు. పడిపోవడం ఆగుతుంది, గోడలో వైరు మాత్రం కాగుతూనే ఉంటుంది.

చిన్న దుకాణం, నలుగురైదుగురు పనిచేసే ఆఫీసు నడిపేవాళ్ళకు ఏ సిలిండర్ కొనాలన్న సందేహం ఉంటుంది. కంప్యూటర్లు, సర్వరు ఉన్న గదిలో ఏబీసీ పొడి కొడితే మంట ఆరుతుంది, పొడి సందుల్లో చేరి తేమతో కలిసి బోర్డులను తినేస్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ నయం. మూసిన చిన్న గదిలో అది ఊపిరాడనివ్వదు కాబట్టి కొట్టగానే బయటికి రావాలి, నల్ల గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చర్మం గడ్డకడుతుంది. బట్టల షాపుకు, కిరాణా కొట్టుకు ఏబీసీ చాలు. గోదాము వెనక మూలన కాదు, కౌంటరు దగ్గర, నడుము ఎత్తులో, చేతికి అందేట్టు.

ఆరు కిలోల సిలిండర్ నొక్కి పట్టుకుంటే దాదాపు పదిహేను ఇరవై సెకన్లలో ఖాళీ అవుతుంది. ఆ ఇరవై సెకన్లూ ఎలా వాడాలో తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో కొట్టి చూడాలి. అందుకోసం కొత్త సిలిండర్ తగలేయక్కర్లేదు. గడువు తీరి రీఫిల్‌కు వెళ్ళే సిలిండర్లను వ్యాను ఎక్కించే ముందు, ఒక ఆదివారం ఖాళీ స్థలంలో పాత రేకు డబ్బాలో నాలుగు చెక్కముక్కలు అంటించి, ఫ్లాట్ల వాళ్ళనూ వాచ్‌మన్‌నూ పనివాళ్ళనూ పిలిస్తే సరి. పిన్ను లాగడం దగ్గరే చాలామంది తడబడతారు, మీట నొక్కి పట్టుకునే పిన్ను లాగబోతారు, అది రాదు. మొదటిసారి కొట్టేవాళ్ళు మంట కొసల మీద కొడతారు, పొడంతా గాల్లో పోతుంది, మంట అలాగే ఉంటుంది. రెండోవాళ్ళు గాలి వీపు వైపు వచ్చేట్టు నిలబడి మంట మొదలుకు గురిపెట్టి, చీపురు ఊడ్చినట్టు ఇటూ అటూ తిప్పుతారు. ఎన్ని సిలిండర్లు నిజంగా పొడి చిమ్మాయో, ఎన్ని ఊరికే బుస్సుమని ఊరుకున్నాయో అక్కడే లెక్క తేలుతుంది. నిరుడు స్టిక్కర్ అంటించి డబ్బు తీసుకున్నవాడికి ఈ ఏడాది పని ఇవ్వాలా వద్దా అన్నది కూడా.